మా బావ శిలాజిత్తు డబ్బా

"మీ బావ షుగర్ మాత్రలు మానేశార్రా. ఏదో నల్లటి జిగురు పాలల్లో కలుపుకుని తాగుతున్నారు. నువ్వొచ్చి ఒకసారి మాట్లాడు" అని అక్క ఫోన్ చేసింది. మొదట నేను పెద్దగా కంగారు పడలేదు. మా బావకి ఇలాంటివి కొత్త కాదు. ఒక ఏడాది కలబంద, ఒక ఏడాది మెంతులు నానబెట్టిన నీళ్లు, ఇంకో ఏడాది రాగి చెంబు. అన్నీ నెలా రెండు నెలల్లో వాటంతటవే అటకెక్కేవి. కానీ ఇప్పటిదాకా మాత్రల జోలికి ఎప్పుడూ పోలేదు. ఫోన్ పెట్టేశాక ఆ మాట గుర్తొచ్చి బయల్దేరాను.

వెళ్లేసరికి ఆ శిలాజిత్తు డబ్బా భోజనాల బల్ల మీదే ఉంది. తలనొప్పి బామ్ సీసా కంటే కాస్త పెద్దది, లోపల 20 గ్రాములు. మూత మీద మంచుకొండ, దాని కింద బంగారు రంగు అక్షరాలు. పక్కనే పంటి పుల్లంత స్టీలు చెంచా. బావ ఆ చెంచాతో ముద్దని పైకి లాగి చూపించాడు. తారులా సాగింది. జానెడు తీగై, మధ్యలో సన్నబడి, తెగి, మెల్లగా ముడుచుకుని మళ్లీ డబ్బాలోకి జారిపోయింది. "చూశావా, అసలైనదైతే ఇలాగే సాగుతుంది" అన్నాడు ముచ్చటగా. నేను డబ్బా తిప్పి చదివాను. పచ్చిది, సహజమైనది, ఏ ప్రాసెసింగూ చేయనిది, 85 ఖనిజాలున్నది.

"మాత్రలెందుకు మానేశారు బావా?" అన్నాను.

"దీన్ని మధుమేహానికి వాడమని సుశ్రుతుడే చెప్పాడురా. ఆయన కంటే నీకు ఎక్కువ తెలుసా?"

నాకు తెలియదు. కాబట్టి ఆ పూట నోరు మూసుకుని, అక్క పెట్టిన కాఫీ తాగి ఇంటికొచ్చి పుస్తకాలు తీశాను. వచ్చిన చిక్కేమిటంటే బావ చెప్పింది అబద్ధం కాదు. సుశ్రుత సంహిత చికిత్సాస్థానంలో పదమూడో అధ్యాయం పేరే మధుమేహ చికిత్స. అందులో శిలాజతు, అంటే మన శిలాజిత్తు, నిజంగానే ఉంది, అదీ ఏదో ఒక మూల కాదు, అధ్యాయం మొదట్లోనే, సవిస్తరంగా ఉంది. జ్యేష్ఠ ఆషాఢ మాసాల్లో ఎండకి కాగిన కొండలు లక్కలాంటి రసాన్ని స్రవిస్తాయని, అదే శిలాజతువని వర్ణన.

నేను శిలాజిత్తు వట్టి బూటకం అనే పక్షం కాదని ముందే చెప్పేస్తాను. "రాయి చెమట తాగుతార్రా ఎవరైనా" అని వెక్కిరించేవాళ్లతో కూడా నాకు పడదు. నా తగువంతా ఆ డబ్బా మీదున్న ఒకే ఒక్క మాటతో. సహజం. మన వైద్య గ్రంథాల్లో, పాత ఔషధాల పట్టీల్లో శిలాజిత్తు పేరుకి ముందు వచ్చే మాట వేరే ఉంది. శుద్ధ శిలాజిత్తు. చంద్రప్రభావటి అనే ఆయుర్వేద మాత్రల సీసా ఎక్కడైనా దొరికితే వెనక చీటీ చదవండి, శుద్ధ గుగ్గులు, శుద్ధ శిలాజతు అనే ఉంటుంది. శుద్ధం అన్న చోట సహజం అని ఎప్పుడు, ఎవరు మార్చారో గానీ, ఆ ఒక్క మార్పుతో వ్యవహారమంతా తలకిందులైంది.

పేరు దగ్గరే మొదలుపెడతాను, ఎందుకంటే అక్కడే మొదటి మాయ జరిగింది. ప్రకటనల్లో శిలాజిత్ అంటే కొండల్ని జయించేది, బలహీనతని నాశనం చేసేది అని అర్థం చెబుతుంటారు. వినడానికి బ్రహ్మాండంగా ఉంటుంది, ఇంద్రజిత్తు లాగా. అసలు మాట శిలాజతు. జతు అంటే లక్క. పాండవుల్ని కాల్చి చంపడానికి దుర్యోధనుడు కట్టించిన లక్క ఇంటిని జతుగృహం అన్నారే, ఆ జతువే ఇది. రాతికి పట్టిన లక్క, అంతే. గెలవడాలూ ఓడించడాలూ ఏమీ లేవు. చూసినవాడు చూసినట్టు పెట్టిన పేరు. మలయాళంలో దీన్ని కన్మదం అంటారు. కల్ అంటే రాయి, అదే ఇక్కడ కన్ అయింది. ఏనుగు కణతల నుంచి కారే మదం లాగా రాతి నుంచి కారే మదం. అదీ కంటితో చూసి పెట్టిన పేరే.

పర్షియా వాళ్లు ఇలాంటి పదార్థాల్నే మూమియా అన్నారు. మోమ్ అంటే మైనం, హిందీ మోంబత్తిలో ఉన్న మోమ్. ఈ మాటకి పెద్ద కథే ఉంది. ఈజిప్టులో శవాలకి పూసిన నల్లటి పూత కూడా అలాగే కనబడటంతో ఆ పేరు శవాలకి అంటుకుంది, అదే మమ్మీ అయింది. తర్వాత యూరప్‌లో మందు అడిగితే ఏకంగా ఎండిన శవాల పొడి అమ్మడం మొదలుపెట్టారు. ఫ్రెంచి రాజుల శస్త్రవైద్యుడు ఆంబ్రోయిజ్ పారే 1582లో ఈ పొడి పనికిమాలినదని పుస్తకం రాయాల్సొచ్చింది. పేరొకటి దొరికితే డబ్బాలో ఏది పోసినా జనం మింగుతారనడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ తెలియదు.

ఇంతకీ ఇదేమిటి? జిగురు అంటాం గానీ తుమ్మబంక, గుగ్గిలం, సాంబ్రాణి లాగా చెట్టు నుంచి నేరుగా కారేది కాదు. ఖనిజం అంటాం గానీ పూర్తిగా ఖనిజమూ కాదు. హిమాలయాల్లో కశ్మీరు నుంచి అరుణాచల్ దాకా, ఇంకా అల్టాయ్, పామీరు, కాకసస్ కొండల్లో రాతి నెర్రెల్లోంచి వేసవిలో బయటికొస్తుంది. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో శిబ్‌నాథ్ ఘోషాల్ ఏళ్ల తరబడి దీని రసాయనం మీద పనిచేశారు. ఆయనా, తర్వాతి వాళ్లూ తేల్చినదాని ప్రకారం ఇందులో ఎక్కువ భాగం, అంటే 60 నుంచి 80 శాతం, హ్యూమిక్ పదార్థాలు. మొక్కలు, నాచు చచ్చి, సూక్ష్మజీవులు వాటిని తిని, ఏళ్లూ పూళ్లూ గడిచాక మిగిలే నల్లటి సారం. ఏ మొక్కలనేదాని మీద వాదన ఉంది, కొందరు జెముడు జాతి పాల మొక్కలంటారు, కొందరు రాళ్లకి పట్టే నాచులంటారు.

హ్యూమిక్ అనగానే మన రైతులకి ఇంకోటి గుర్తొస్తుంది. మిరపకి, వరికి వాడే హ్యూమిక్ యాసిడ్. నల్లటి పలుకులు, నీళ్లలో వేస్తే కాఫీ డికాక్షన్‌లా కరిగిపోతాయి. అవును, ఆ కుటుంబమే. అది లిగ్నైటు బొగ్గు నుంచి, పీట్ అనే బురదనేల మట్టి నుంచి తీస్తారు. ఈ సంగతి ఎందుకు ముఖ్యమో కాసేపట్లో చెబుతాను.

మళ్లీ గ్రంథాల దగ్గరికి. చరక సంహితలో రసాయనాల, అంటే ఒంటికి బలం, ఆయుష్షు ఇచ్చే మందుల, అధ్యాయం మూడో పాదంలో శిలాజతు గురించి ఒక ప్రసిద్ధ శ్లోకం ఉంది. శిలాజతు జయించలేని రోగం భూమ్మీద లేదు అని దాన్ని అందరూ అనువదిస్తారు. బావ డబ్బాతో వచ్చిన కరపత్రంలోనూ అదే ఉంది. మూలంలో రోగానికి ఒక విశేషణం ఉంది. సాధ్యరూపః. సాధ్యమైన రోగం. ఆయుర్వేదంలో రోగాల్ని సాధ్యం, అసాధ్యం, యాప్యం అని విడదీయడం మొదటి పాఠం. యాప్యం అంటే నయం కాదు, మందూ పథ్యంతో లాక్కురావాలి. అంటే నయమయ్యే రోగాల మాటే ఆ శ్లోకంలో ఉంది. రెండో సగంలో తగిన కాలంలో, తగిన మందుల కలయికతో, విధిగా వాడితే అని షరతు కూడా ఉంది. కరపత్రం అచ్చేసినవాడు ఈ రెంటినీ ఎగ్గొట్టాడు. శ్లోకంలో ఇన్సూరెన్సు పాలసీలో లాగా చిన్నక్షరాల షరతులు చరకుడు పెట్టలేదు, పెద్దక్షరాల్లోనే పెట్టాడు, మనవాళ్లే చెరిపేశారు.

మోతాదు సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. చరకుడు మూడు మోతాదులు చెప్పాడు: పలం, అర్ధపలం, కర్షం. ఇప్పటి ఆయుర్వేద లెక్కల్లో పలం అంటే 48 గ్రాములు, కర్షం 12 గ్రాములు. ఏడు వారాలు, మూడు వారాలు, ఒక వారం అని కాలాలు. సుశ్రుతుడైతే మొత్తం మీద ఒక తుల, అంటే నూరు పలాలు పుచ్చుకోమంటాడు. దగ్గర దగ్గర ఐదు కిలోలు. మా బావ డబ్బా చరకుడి లెక్కలో సగం పలానికి కూడా చాలదు. ఆయన రోజూ తీసుకునే బఠాణీ గింజంత ముద్ద అర గ్రాము ఉంటుందేమో. ఐదు కిలోలు తినమని నేను అనడం లేదు, ఈ కాలపు వైద్యులెవరూ అనరు కూడా. "వేల ఏళ్ల నాటి పద్ధతి, అదే వాడుతున్నాం" అన్న మాటలో పస లేదంటున్నాను. మోతాదు ఆ కాలానిది కాదు, పథ్యం ఆ కాలానిది కాదు, శుద్ధి అసలే లేదు. మిగిలిందల్లా పేరు.

శుద్ధి అంటే ఏమిటో నేనొకసారి దగ్గరుండి చూశాను. ఇరవయ్యేళ్ల క్రితం, ఒక పాతకాలపు ఆయుర్వేద డాక్టరు గారి దగ్గర. ఆయన తన మందులు తనే చేసుకునేవారు. గోనెసంచిలో వచ్చిన ముడిసరుకు చూస్తే ఎవరికీ నోట్లో పెట్టుకోబుద్ధి కాదు. తారు రోడ్డు తవ్వినప్పుడు లేచిన పెళ్లల్లా ఉన్నాయి. రాతి ముక్కలు, ఇసుక, గడ్డిపరకలు, ఏదో జంతువు పెంటికలు, అన్నీ ఆ నల్లటి మడ్డిలో ఇరుక్కుని. వాసన అచ్చం గోమూత్రమే. నేను ముక్కు మూసుకుంటే ఆయన నవ్వి, "ఆ వాసనుంటేనే మంచిదయ్యా, ఏ జాతిదైనా గోమూత్రం వాసనే అన్నాడు చరకుడు, అందులో ఇనుము జాతిదే శ్రేష్ఠం" అన్నారు. బంగారం, వెండి, రాగి, ఇనుము అని నాలుగు రకాలు చెప్పి చివరికి ఇనపదానికే చరకుడు పెద్దపీట వేశాడు. సుశ్రుతుడు తగరం, సీసం కూడా కలిపి ఆరన్నాడు. సీసం అన్న మాట గుర్తుపెట్టుకోండి.

పెళ్లల్ని చితక్కొట్టి, వేడి త్రిఫల కషాయంలో వేసి, రాత్రంతా వదిలేశారు. తెల్లారి పైన తేట మాత్రం వంచి, నాలుగు మడతల గుడ్డలో వడకట్టారు. అడుగున చేరిన మడ్డిలో మళ్లీ వేడి కషాయం పోశారు, మళ్లీ తేట తీశారు. ఆ తేటని వెడల్పాటి పళ్లేల్లో పోసి డాబా మీద ఎండలో పెట్టారు. మధ్యాహ్నానికి పాల మీద మీగడలా నల్లగా తెట్టు కట్టింది. దాన్ని జాగ్రత్తగా తీసి వేరే గిన్నెలో వేశారు. కిందున్న నీళ్లు మళ్లీ ఎండకి. మళ్లీ తెట్టు. తెట్టు కట్టడం ఆగిపోయేదాకా అంతే. మబ్బు పడితే పళ్లేలన్నీ ఎత్తి లోపల పెట్టడం, ఎండొస్తే బయట పెట్టడం, ఈగలు వాలకుండా పలుచటి గుడ్డ కట్టడం. నాకు ఆ పళ్లేలు మోసే పని అప్పగించారు కాబట్టి బాగా గుర్తు. సూర్యతాపి అంటే ఇదే. పొయ్యి మీద మరిగించి చిక్కబరిస్తే అగ్నితాపి, తొందరగా అయిపోతుంది గానీ ఆయనకి నచ్చేది కాదు. గోనెసంచిడు సరుకులో సగం పైగా మడ్డిగా, రాళ్లుగా దిబ్బలోకి పోయింది. "పచ్చిగా తింటే ఏమవుతుందండీ?" అని అడిగాను. ఒళ్లు మంటలు, మూర్ఛ, తలతిరుగుడు, రక్తస్రావం అని, ఖనిజాల మందుల గురించి చెప్పే రసశాస్త్రంలో ఉన్న జాబితా అప్పజెప్పి, "చీపురుతో ఊడ్చింది తిన్నట్టేనయ్యా" అని తేల్చేశారు.

అందుకే "ఏ ప్రాసెసింగూ చేయనిది" అని డబ్బా మీద గొప్పగా రాసుకోవడం చూస్తే నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ డాక్టరు గారి నాలుగు రోజుల చాకిరీ అంతా ఇక్కడ లోపంగా మారిపోయింది. శాస్త్రం దేన్ని వదిలించుకోమందో దాన్నే సుగుణంగా అమ్ముతున్నారు.

మర్నాడు మళ్లీ బావ దగ్గరికి వెళ్లి, బతిమాలి, ఒక బఠాణీ గింజంత ముద్ద అడిగి తీసుకున్నాను. గాజు గ్లాసులో గోరువెచ్చటి నీళ్లు పోసి, ముద్దని చెంచా కొనకి అంటించి పైపైన ముంచాను. ముందు కాసేపు చెంచానే పట్టుకుని ఉంది. తర్వాత ఎర్రటి తేనె రంగులో దారాలు దారాలుగా విడివడి కిందకి పాకడం మొదలెట్టింది. నిజం చెప్పాలంటే చూడ్డానికి చాలా అందంగా ఉంది. బావ మొహం వెలిగిపోయింది. "శాస్త్రంలో చెప్పిన పరీక్ష ఇదే కదా" అన్నాడు. అదే. నీళ్లలో వేస్తే దారాల్లా దిగుతూ కరగాలి, నిప్పు మీద వేస్తే పొగ రాకుండా లింగాకారంలో ఉబ్బాలి అని పాతవాళ్లు చెప్పారు. గ్లాసు మీద మూత పెట్టి అలాగే ఉంచమని చెప్పి పడుకున్నాం. పొద్దున్నే తేట వంచేస్తే అడుగున పలుచగా బూడిదరంగు పొర మిగిలింది. వేలితో రాశాను. గరగరలాడింది. సన్నటి ఇసుక. బావ కూడా రాసి చూశాడు. ఏమీ అనలేదు, చెయ్యి కడుక్కున్నాడు.

ఇసుక వల్ల ఎవరూ చావరు, అది నాకూ తెలుసు. పళ్లేలు మోసిన రోజుల్ని బట్టి ఈ సరుకు తేట తీయనిదని మాత్రం అర్థమైంది. పైగా ఆ పాత పరీక్షలు ఏ మోసాన్ని పట్టుకోవడానికి పుట్టాయో ఆలోచించాలి. ఆ కాలంలో శిలాజతులో గుగ్గిలం కలిపితే నిప్పు మీద పొగ వస్తుంది, నీళ్లలో కరగదు. బెల్లం పాకం కలిపితే మాడు వాసన వస్తుంది. అప్పటి దొంగలకి ఆ పరీక్షలు సరిపోయాయి. ఇప్పటి దొంగ బొగ్గు నుంచి తీసిన హ్యూమిక్ సరుకు కలుపుతాడు. అది అదే కుటుంబం కాబట్టి నీళ్లలో ముచ్చటగా కరుగుతుంది, రంగూ అదే. ఇక సీసం గానీ ఆర్సెనిక్ గానీ ఉంటే ఏ గ్లాసులోనూ, ఏ నిప్పు మీదా బయటపడదు. రీల్స్‌లో నీళ్ల గ్లాసు పట్టుకుని "ఒరిజినల్" అని నిరూపించేవాళ్లు చాలామంది మోసగాళ్లు కాకపోవచ్చు, వాళ్లూ నమ్మే చేస్తుంటారు. కానీ ఆ గ్లాసు ఏమీ నిరూపించదు.

ఇప్పుడు 85 ఖనిజాల సంగతి. దాదాపు ప్రతి డబ్బా మీదా ఈ అంకె కనబడుతుంది, ఎక్కడ పుట్టిందో గానీ. స్కూలు పుస్తకంలోని ఆవర్తన పట్టిక ముందు పెట్టుకుని బావా నేనూ లెక్కేశాం. రేడియోధార్మికత లేని స్థిరమైన మూలకాలు సృష్టి మొత్తం మీద 80. అందులోంచి హీలియం, నియాన్ లాంటి వాయువులు తీసేయండి. మిగిలినవాటిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్, కాడ్మియం, థాలియం అన్నీ ఉంటాయి. అంటే 85 నిజమే అనుకుంటే ఆ జిగురులో లోకంలోని ప్రతి విషలోహమూ ఉండి తీరాలి, పైన కొంచెం యురేనియం లాంటిది కూడా పడాలి. అబద్ధమనుకుంటే డబ్బా మీద అబద్ధం రాసినట్టు. "రెంట్లో మీకేది కావాలి బావా?" అన్నాను. ఆయన పట్టిక మూసేశాడు.

ఇందులో వేళాకోళం కాని విషయం ఒకటుంది. హ్యూమిక్, ఆ కుటుంబానికే చెందిన ఫల్విక్ ఆమ్లాల గుణమే లోహాల్ని పట్టుకోవడం. మట్టిలో అవి చేసే మేలు కూడా అదే, ఇనుమూ జింకూ పట్టుకుని వేరుకి అందిస్తాయి. శిలాజిత్తు ఒంటికి మంచిదనేవాళ్లు చెప్పే వాదనా ఇదే. కానీ పట్టుకునే చెయ్యికి ఇనుమేదో సీసమేదో తేడా తెలియదు. ఏ రాతిలోంచి కారితే ఆ రాతిలో ఉన్నది మోసుకొస్తుంది. సుశ్రుతుడు సీసపు జాతిని కూడా లెక్కపెట్టాడంటే రాయిని బట్టి సరుకు మారుతుందని వాళ్లకీ తెలుసన్నమాటే. అందుకే ఒక కొండ సరుకుకి చేసిన పరీక్ష ఇంకో కొండ సరుకుకి చెల్లదు, ఒక బ్యాచ్‌ది ఇంకో బ్యాచ్‌కి చెల్లదు. మన దేశంలో ఆయుర్వేద మందులకి పరిమితులు ఉన్నాయి: సీసం 10 పీపీఎం, ఆర్సెనిక్ 3, పాదరసం 1, కాడ్మియం 0.3. పీపీఎం అంటే పదిలక్షల్లో ఒక వంతు. ఈ పరిమితులు ఊరికే కాగితం మీద పెట్టుకున్నవి కావు. 2004లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనంలో, బోస్టన్ దుకాణాల్లో దొరికిన 70 ఆయుర్వేద మందుల్ని రాబర్ట్ సేపర్ బృందం పరీక్షిస్తే 14 మందుల్లో సీసమో పాదరసమో ఆర్సెనికో బయటపడ్డాయి. అయిదింట ఒకటి.

బావ డబ్బా మీద క్యూఆర్ కోడ్ ఉంది. స్కాన్ చేస్తే ల్యాబ్ రిపోర్టు తెరుచుకుంది కూడా, ముద్రా సంతకం అన్నీ ఉన్నాయి, లోహాలన్నీ పరిమితి లోపలే. బావ మళ్లీ ఛాతీ విరిచాడు. తీరా చూస్తే రిపోర్టు మీద తేదీ డబ్బా తయారైన తేదీ కంటే ఏడాదిన్నర ముందుది. బ్యాచ్ నంబరు వేరు. పుట్టబోయే పిల్లాడికి ముందే పోలియో చుక్కలు వేసేసినట్టు. కస్టమర్ కేర్‌కి మెయిల్ పెట్టాను. "మీ ఆసక్తికి ధన్యవాదాలు" అని జవాబొచ్చింది, కింద పది శాతం డిస్కౌంట్ కూపన్.

ఆధునిక పరిశోధన ఏమీ లేదా అంటే, ఉంది. ఉన్నదాన్ని ఉన్నంతగా చెబితే నాకేం అభ్యంతరం లేదు. 45 నుంచి 55 ఏళ్ల ఆరోగ్యవంతులైన మగవాళ్లకి రోజుకి రెండుసార్లు 250 మిల్లీగ్రాముల చొప్పున 90 రోజులిచ్చిన ఒక అధ్యయనం 2016లో ఆండ్రోలోజియా పత్రికలో వచ్చింది. మగ హార్మోన్ టెస్టోస్టెరాన్ సుమారు 20 శాతం పెరిగింది. 2019లో అమెరికాలో 63 మంది మగవాళ్ల మీద ఎనిమిది వారాలు చేసిన ఇంకో అధ్యయనంలో రోజుకి 500 మిల్లీగ్రాములు తీసుకున్నవాళ్లలో కొందరికి అలసట తర్వాత కండబలం కాస్త తక్కువగా పడిపోయింది, 250 తీసుకున్నవాళ్లకి ఆ తేడా కనబడలేదు. చిన్న అధ్యయనాలే అయినా తీసిపారేయక్కర్లేదు. కానీ ఒక్క సంగతి చూడండి. రెంట్లోనూ వాడింది శుద్ధి చేసి, ప్రమాణీకరించి, క్యాప్సూల్‌లో నింపిన పదార్థం. ఆ ఫలితాల్ని అరువు తెచ్చుకుని, "శుద్ధి చేయనిది" అని రాసిన డబ్బాకి అంటించడం పక్కింటాయన డిగ్రీ సర్టిఫికెట్ మన గోడకి తగిలించుకోవడమే. పోతే, ఈ రెండు అధ్యయనాల్లోనూ ఎవరినీ షుగర్ మాత్రలు మానమని చెప్పలేదు.

ప్రకటనల చట్టం ఒకటుంది, 1954 నాటిది, మందులూ మాయా చికిత్సల చట్టం అంటారు. దాని ప్రకారం మధుమేహం నయం చేస్తామని గానీ, శృంగార సామర్థ్యం పెంచుతామని గానీ ప్రకటన ఇవ్వకూడదు. అందుకే డబ్బాల మీద ఆ మాటలుండవు. స్టామినా, ఎనర్జీ, వైటాలిటీ, "మగవాళ్ల ఆరోగ్యం" ఉంటాయి. పక్కన గుర్రం బొమ్మ ఉంటుంది. మిగతాది చదివేవాడు పూరించుకుంటాడు. ఒకప్పుడు బస్టాండ్ బయట దుప్పటి పరిచి, వేళ్లూ మూలికలూ గుట్టలు పోసి, గుండ్రటి నల్లరాయిని చూపిస్తూ మగతనం మీద గంటసేపు ఉపన్యాసం దంచేవాళ్లు ఉండేవాళ్లు. వాళ్లని చూసి మనం పక్కకి తప్పుకునేవాళ్లం. ఆ ఉపన్యాసానికే ఇంగ్లీషు ముక్కలు తగిలించి ఫోన్లో చూపిస్తే పదిహేను వందలు కడుతున్నాం. దుప్పటాయనే నయం, రేపు సాయంత్రం కూడా అక్కడే ఉంటాడు, కాలర్ పట్టుకుని అడగొచ్చు.

నన్నడిగితే శిలాజిత్తు వాడాలనుకున్నవాళ్లు ఆయుర్వేద వైద్యుడి దగ్గరికి వెళ్లి, శుద్ధ శిలాజతు ఉన్న మందు చీటీ రాయించుకోవాలి. లైసెన్సు నంబరున్న మందు కొనాలి. ఇనుము ఒంట్లో పేరుకుపోయే జబ్బులున్నవాళ్లు, గర్భిణులు దూరంగా ఉండాలి. షుగర్‌కి, బీపీకి మాత్రలు వాడేవాళ్లు ఆ డాక్టరుకీ ఈ డాక్టరుకీ రెండో దాని గురించి చెప్పాలి. ఇది చెప్పడానికి పెద్ద పాండిత్యం అక్కర్లేదు, అందుకే ఎవరూ రీల్ చేయరు.

బావకి నా వాదనల కంటే గ్లూకోమీటర్ ఎక్కువ పని చేసింది. మాత్రలు మానిన ఇరవై ఆరో రోజున పరగడుపున చూస్తే మూడు వందలు దాటింది. అక్క ఏడుపు మొదలెట్టింది. ఆ సాయంత్రమే వాళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను, తిట్లు తిన్నాం, ఇద్దరం. మాత్రలు మళ్లీ మొదలయ్యాయి, ఒకటి ఎక్కువే. తర్వాతి వారం ఆయన పట్టుబడితే ఒక ఆయుర్వేద డాక్టరమ్మ దగ్గరికీ వెళ్లాం. ఆవిడ అంతా విని, రిపోర్టులు చూసి, ఇంగ్లీషు మాత్రలు ఒక్కటి కూడా ఆపొద్దని రెండుసార్లు చెప్పి, చంద్రప్రభావటి రాసిచ్చారు. డబ్బా చూపిస్తే మూత తీసి వాసన చూసి, మూత పెట్టేసి, చేతులు కడుక్కోవడానికి లేచారు.

వస్తూ వస్తూ దారిలో బావకి చరకుడి ఇంకో మాట చెప్పాను. శిలాజతు వాడేటప్పుడు మంట పుట్టించేవి, బరువైనవి తినకూడదు, ఉలవలు మాత్రం అసలు ముట్టకూడదు. ఉలవలకి రాళ్లని పగలగొట్టే గుణం ఉందని, రాతి నుంచి పుట్టిన మందుకి అవి పూర్తి విరుద్ధమని ఆయన లెక్క. బావ కాసేపు మాట్లాడలేదు. బండి సిగ్నల్ దగ్గర ఆగాక వెనక్కి తిరిగాడు.

"అయితే ఈ నెల్లాళ్లూ నేను తిన్న ఉలవచారు సంగతేంట్రా?"

"చారు తిన్నారా బావా?"

"మీ అక్క వారానికి రెండుసార్లు పెట్టింది. వెన్న వేసి."